పచ్చిగోడల కాలేజీని కోరి వరించిన వైనం

ఆ రోజుల్లో (తాతల కాలం అనుకునేరు, ఫోన్లూ ఇంటర్నెట్టూ అన్నీ ఉన్న కాలమే) మా కోట ఊరి చుట్టుపక్కల డాక్టరు కావాలని పరీక్ష రాసే పిల్లలు మూడు రకాలుగా ఉండేవాళ్ళు. మంచి ర్యాంకు వచ్చినవాళ్ళు ఒక రకం. వీళ్ళ మొహాలు కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీల మీద ఎండకు వెలిసిపోయేదాకా వేలాడుతుండేవి. ర్యాంకే రానివాళ్ళు ఇంకో రకం. వీళ్ళని రెండు రోజులు తిట్టి, మూడో రోజు నుంచి అందరూ మర్చిపోయేవాళ్ళు, వాళ్ళంత అదృష్టవంతులు లేరు. ఇక మూడో రకం యావరేజ్ ర్యాంకు వాళ్ళు. ఆకుకు అందదు, పోకకు పొందదు. సీటు వస్తుందని ఎవరూ చెప్పలేరు, రాదని చెప్పే ధైర్యమూ ఎవరికీ ఉండదు. అందుకని దారిన పోయే ప్రతివాడూ ఆగి సలహా ఇచ్చిపోతాడు. నేను ఈ మూడో రకంలో కూడా సరిగ్గా నడిమధ్యన పడినాను.

నాకు అది రెండో ప్రయత్నం. మొదటిసారి రాసి, సీటు రాక, లాంగ్‌టర్మ్ అనే పేరున్న ఒక జైల్లో ఏడాది కూర్చున్నాను. అక్కడ పొద్దున లేస్తే పరీక్ష, సాయంత్రం దాని మార్కులు, ఆదివారం ఇడ్లీకి బదులు ఉప్మా, ఇంతకుమించి మార్పు ఉండేది కాదు. ఈసారి సీటు రాకపోతే మళ్ళీ అక్కడికే పంపిస్తామని ఇంట్లో ఎవరూ అనలేదు గానీ, మా అమ్మ నా పరుపుచుట్టను అటకెక్కించకుండా మంచం కిందే ఉంచింది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరించేది. లోపల మాత్రం ఒక కోరిక ఉండేది. నూరేళ్ళ కాలేజీలో చేరాలని. (దానికి నిజంగా నూరేళ్ళు లేవు, గోడలు చూసి మేం పెట్టుకున్న పేరు.) పెద్ద ఆసుపత్రి, పెద్ద పేరు, మా ఊరికి దగ్గర. కానీ నా ర్యాంకుకి ఆ పేరు పైకి అంటే జనం నవ్వుతారని భయం. అందుకని ఆ కోరికని నోట్లోనే నానబెట్టుకొని తిరిగినాను.

మా ఇంట్లో సలహాదారుల్లో మొదటివాడు కటాఫ్ మామ. అమ్మకి వరసకి అన్న, వృత్తికి ఇన్సూరెన్స్ ఏజెంటు. వాళ్ళ కొడుకు చదివింది ఇంజనీరింగు. అయినా ఏ కాలేజీలో ఏ ఏడు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో ఈయన ఫోన్లో ఉండేది. ఎందుకుండేదని ఎవరూ అడగలేదు. టీ గ్లాసు పట్టుకొని, "ఇది చూడు బావా" అని నాయనకు ఫోన్ చూపించేవాడు. "నూరేళ్ళ కాలేజీ పోయినేడు ఈడ ఆగింది. మన పాప ఈడుండాది. రావచ్చు, రాకపోవచ్చు." ఇంత గొప్ప విశ్లేషణకి మా ఇంట్లో పెసరట్టు కూడా పెట్టినారు.

రెండోవాడు మా నాయన. మాకు సముద్రం వైపు రొయ్యల గుంటలుండేవి. ఆయనకి లోకంలో ఏ సంగతైనా రొయ్య ద్వారానే అర్థమయ్యేది. నా ర్యాంకు విని ఆయన నిరాశ పడలేదు, తిట్టలేదు, కాసేపు మీసం దువ్వుకొని, "సీడ్ యావరేజీ. ఫర్వాలేదు. నీళ్ళు మంచివైతే యావరేజీ సీడ్ కూడా పంట తేలుస్తాది" అన్నాడు. (కన్నకూతుర్ని హేచరీ నుంచి తెచ్చిన రొయ్యపిల్లతో పోల్చినందుకు నాకు కోపం రాలేదు. మా ఇంట్లో అది ముద్దు కిందే లెక్క.) అంతటితో ఊరుకోకుండా, "ఏ కాలేజీ ఎంచుకోవాలన్నా ముందు పోయి నీళ్ళు చూడాల" అని తేల్చినాడు. చూడడమంటే ఊరికే చూడడం కాదు. గుంటల దగ్గర నీళ్ళలో ఉప్పెంతుందో కన్ను పెట్టి చూసే చిన్న గొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని జేబులో వేసుకొని, నన్ను బండి మీద ఎక్కించుకొని బయల్దేరినాడు.

నూరేళ్ళ కాలేజీకి ముందు పోయినాం. అక్కడ అమ్మాయిల హాస్టల్ బయట కుళాయి దగ్గర మా నాయన వంగి, రెండు చుక్కలు ఆ గొట్టం మీద వేసి, ఒక కన్ను మూసి, సూర్యుడి వైపు తిరిగి నిలబడినాడు. వాచ్‌మన్ వచ్చి, "ఏంది సార్, గ్రహణం చూస్తుండారా?" అని అడిగినాడు. నేను తల పక్కకి తిప్పుకొని, ఈయనెవరో నాకు తెలియనట్టు చెట్టుకేసి చూస్తూ నిలబడినాను. ఇంతలో తెల్లకోటు వేసుకున్న ఒక సీనియర్ అక్క ఆ దారిన వస్తే నాయన ఆమెని ఆపి చాలా మర్యాదగా, "ఏమ్మా, ఈడ సర్వైవల్ ఎట్టుంటాది?" అని అడిగినాడు. ఆమె పాపం ఐసీయూ గురించి అనుకొని, "కేసుని బట్టి ఉంటుంది అంకుల్" అంది. "కేసులు కాదమ్మా, పిల్లలు! ఎంతమందిని వేస్తే ఎంతమంది బయటికొస్తారు?" అన్నాడు మా నాయన. ఆమె నా వైపు జాలిగా చూసి వెళ్ళిపోయింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

బండెక్కినాక నాయన తీర్పు చెప్పినాడు. "ఉప్పుండాది. రొయ్యకైతే ఒప్పుకుంటా, బిడ్డకి ఒప్పుకోను."

తర్వాత పచ్చిగోడల కాలేజీ. దూరంగా, ఎక్కడో మిట్ట మీద, ఈమధ్యే కట్టిన సర్కారు కాలేజీ. సున్నం ఇంకా ఆరలేదు, ఆనుకుంటే చొక్కాకి అంటుకునేది. బోర్డులో సగం అక్షరాలు వచ్చి ఉన్నాయి, సగం రావాల్సి ఉన్నాయి. ఆసుపత్రిలో మంచాలున్నాయి, రోగులు లేరు. క్యాంటీన్లో బల్లలున్నాయి, వంటాయన లేడు. కొత్తగా వేసిన బోరు మాత్రం ఉంది. నాయన గొట్టం పెట్టి చూసినాడు, తర్వాత దోసిట్లో పట్టుకొని తాగినాడు, నన్నూ తాగమన్నాడు. "కొబ్బరినీళ్ళే పాపా!" అని ఆయన మొహం విప్పారిపోయింది. డాక్టర్లెక్కడ, రోగులెక్కడ అని నేను అడగబోతే, "అవన్నీ తర్వాత వేసుకోవచ్చు. నీళ్ళు తెచ్చుకోగలమా?" అన్నాడు.

ఇక మిగిలింది ఆప్షన్లు పెట్టడం. అంటే మనకి కావాల్సిన కాలేజీల పేర్లు ఒకదాని కింద ఒకటి వరసగా కంప్యూటర్లో ఎక్కించాలి. ఆ వరస దగ్గరే మా కొంప మునిగింది. దీనికి కారణం తెలియాలంటే మా చర్చి సంగతి కాస్త చెప్పాలి. మా చర్చిలో ఆదివారం జనం వెనకనుంచి నిండుతారు. వెనక బెంచీలు కిక్కిరిసి, గుమ్మంలో నిలబడి, మెట్ల మీద కూడా కూర్చుంటారు గానీ ముందు బెంచీలు ఖాళీ. పాస్టరయ్య ప్రతివారం చేతులు జోడించి, "ముందుకు రండమ్మా, ముందుకు రండి, నేనేం కరవను" అని బతిమాలుతాడు. ఒక్కరూ కదలరు. ముందు కూర్చుంటే పొగరని అనుకుంటారు, అంతే. అందులోనూ మా అమ్మ ఆఖరి బెంచీలో కూడా గోడవైపు చివర కూర్చునే మనిషి. అంగన్‌వాడీలో పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు తప్ప ఆమె గొంతు పక్కింటికి వినబడేది కాదు. అలాంటామె నా ఆప్షన్ల వరస విని గుండె మీద చెయ్యి వేసుకుంది.

"నూరేళ్ళ కాలేజీని మొదట పెడతావా? ఈ ర్యాంకుతోనా? చూసేవాళ్ళు ఏమనుకుంటారమ్మే? పొగరనుకోరా?"

"ఎవరు చూస్తారమ్మా?"

"ఎవరో ఒకరు చూడరా? ఆడ కూర్చున్న పెద్ద సార్లు చూడరా?" అంది. మా అమ్మ ఊహలో విజయవాడ వైపు ఎక్కడో ఒక పెద్ద గదిలో కళ్ళద్దాల సార్లు వరసగా కూర్చొని, ఒక్కో పిల్ల లిస్టు చదివి, ఈ పిల్లకి అణకువ ఉంది, ఈ పిల్లకి లేదు అని సీట్లు పంచుతుంటారు. "చిన్నది మొదట పెట్టి, పెద్దది ఆఖర్న పెట్టు. మన అణకువ చూసి వాళ్ళే పైకి పిలుస్తారు."

మీరు నవ్వుతారు. నవ్వండి. జన్యుశాస్త్రం మొత్తం కంఠతా వచ్చిన నేను మాత్రం ఆ మాటకి నవ్వలేదు. ఎందుకంటే నాకు నా సొంత మూఢనమ్మకం ఒకటి వేరే ఉండేది. పెద్దది మొదట పెడితే, దాని గుమ్మం ముందు నిలబడి "లేదు పో" అనిపించుకొని కిందికి వచ్చేలోపల చిన్నదాని తలుపులు కూడా మూసేస్తారని నా లెక్క. కటాఫ్ మామ కూడా టీ చప్పరిస్తూ, "చెల్లెలు చెప్పింది కరెక్టే బావా. ఖాయంగా వచ్చేది పైన పెట్టాల. గాల్లో దీపం కింద పెట్టాల" అని ముద్ర వేసినాడు. నాయనకి ఎలాగూ పచ్చిగోడల నీళ్ళు నచ్చినాయి. మంచం కింద పరుపుచుట్ట సంగతి నాకు తెలుసు. ఒక అణకువ, ఒక బోరునీళ్ళు, ఒక భయం, ఒక ఏజెంటు. ఇంతమంది ఏకమైతే ఏ పిల్ల జాతకమైనా తిరగబడుతుంది.

నాయుడుపేటలో నెట్ సెంటర్ పెట్టుకున్న ఒక అన్న ఆప్షన్లు బాగా పెడతాడని మామే తీసుకుపోయినాడు. ఆ అన్న నా వరస చూసి, కీబోర్డు మీద చేతులు ఆపి, మా అమ్మ వైపు తిరిగినాడు.

"అక్కా, తలకిందులుగా చెప్తుండారేమో. అందరూ పెద్దది పైన పెడతారు."

"వాళ్ళ ర్యాంకులు వాళ్ళవి నాయనా. మనం మనలో ఉండాల" అంది అమ్మ.

"సరేక్కా, మీ ఇష్టం" అని అన్న నొక్కేసినాడు. మొదటిది పచ్చిగోడల కాలేజీ, ఆఖరిది నూరేళ్ళ కాలేజీ. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అంటారే, ఆ ఉలిపికట్టె నేనే. అమ్మ బయటికొచ్చి కళ్ళు మూసుకొని చిన్న ప్రార్థన చేసింది. అందరం పరోటాలు తిని ఇంటికొచ్చినాం.

సీటు వచ్చింది! ఫోన్లో ఆ మెసేజీ చూసి నేను ఎగిరిన ఎగురుకి పెంకులు కదిలినాయి. ముందుగా మంచం కింద పరుపుచుట్టని లాగి అటకమీదకి విసిరినాను. ఆ ఆదివారం మా అమ్మ, గోడవైపు కూర్చునే మా అమ్మ, చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. "తగ్గి ఉన్నాం, దేవుడు సీటిచ్చినాడు" అని కళ్ళు తుడుచుకుంది. పాస్టరయ్య ఇదే అదనుగా ముందు బెంచీల సంగతి మళ్ళీ ఎత్తినాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు.

సోమవారం కటాఫ్ మామ వచ్చినాడు. చేతిలో ఫోను, మొహంలో చావుకబురు తెచ్చినవాడి గాంభీర్యం. "పాపా, ఈ ఏడు నూరేళ్ళ కాలేజీ యాడ ఆగిందో చూసినావా? నీకన్నా కిందోళ్ళకి కూడా వచ్చినాది!" అన్నాడు. "పెద్దది పైన పెట్టుంటే నీది నీకే! ముందు పైదే చూస్తారంట, అది రాకపోతేనే కిందది చూస్తారంట. ఎవరమ్మా నీకు చిన్నది పైన పెట్టమని చెప్పింది?" అని అడిగినాడు, నిన్నమొన్న పుట్టినవాడిలా. (ఆ నిమిషంలో ఆయన చేతిలో టీ గ్లాసు లాగేసుకోకపోవడం నా జీవితంలో నేను చూపిన అతిపెద్ద నిగ్రహం.) నెట్ సెంటర్ అన్నకి ఫోన్ చేసినాం. ఉన్నదానికన్నా పైదానికి మారడానికి ఇంకేమైనా వీలుందా అని. "మీకొచ్చింది మొదటి ఆప్షనే కదక్కా, దానిపైన ఇంకేముంటాది?" అన్నాడు పాపం. తప్పు ఆయనది కాదు.

నేను పెరట్లోకి పోయి ఏడ్చినాను. ఏడ్చి లోపలికి వచ్చేసరికి వంటింట్లో మా అమ్మ పొయ్యి ముందు ఊరికే నిలబడి ఉంది, పొయ్యి వెలిగించలేదు. "నా నోటితో నేనే చెప్పినాను కదమ్మే. నా బిడ్డ నోటికాడ కూడు నేనే లాగేసినాను" అంది. ఆ తర్వాత రోజూ నా కంచంలో చేప ముక్కలు ఎక్కువ పడేవి, తన కంచంలో పులుసు మాత్రం. నేను నవ్వితే నవ్వదు, తిడితే బాగుండునన్నట్టు చూస్తుంది. నాకు నిజంగానే తిట్టాలని ఉండేది, ఎవర్ని తిట్టాలో తెలియక కోడిని తిట్టేదాన్ని. సీటు పోయిన బాధ ఒకటైతే, అమ్మ మొహం చూడలేకపోవడం దాన్ని మించిపోయింది. నేను ఎట్టా చెప్పినా ఆమె దాన్ని దించుకోదని తెలిసిపోయింది.

చేరే రోజు వచ్చింది. ముగ్గురం పచ్చిగోడల కాలేజీకి పోయినాం. (మామ కూడా వస్తానన్నాడు. వద్దని నాయన మొదటిసారి గట్టిగా చెప్పినాడు.) సర్టిఫికెట్లు చూసే గుమాస్తా నా కాగితాలు తిరగేస్తూ ఒకచోట ఆగి, కళ్ళద్దాలు తీసి తుడుచుకొని మళ్ళీ చూసినాడు. "ఏమ్మా, మొదటి ఆప్షన్ మేమేనా? తెలిసే పెట్టినావా?" అన్నాడు. పక్కనున్న ఇంకో గుమాస్తాని పిలిచి చూపించినాడు. ఆయన ఇంకొకామెని పిలిచినాడు. ముగ్గురూ కలిసి ఆ కాగితం పట్టుకొని ప్రిన్సిపాల్ గదిలోకి పోయినారు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మోసం చేసినామని అనుకుంటున్నారేమోనని ఆమె భయం.

మధ్యాహ్నం తల్లిదండ్రుల మీటింగు. ఎవరో ప్రజాప్రతినిధి రావాల్సి ఉంది, రాలేదు. ప్రిన్సిపాల్ సారు లేచినాడు. పట్నం నుంచి బదిలీ అయి, ఇష్టం లేకుండా వచ్చిన మనిషని ఆయన మొహమే చెబుతుండేది. ఆ హాల్లో ఇష్టపడి వచ్చినవాళ్ళు ఎవరున్నారు లెండి! పిల్లలందరూ ఆఖరి ఆప్షన్‌గా వచ్చి పడినవాళ్ళే, మాస్టర్లందరూ బదిలీల్లో వచ్చి పడినవాళ్ళే. ఆయన గొంతు సవరించుకొని, "ఇప్పటిదాకా మన కాలేజీని మొదటి ఆప్షన్‌గా కోరుకున్న విద్యార్థి ఒక్కరూ నాకు తగల్లేదు. ఈ ఏడాది ఒకమ్మాయి కోరుకుంది" అన్నాడు. నా పేరు పిలిచి, మైకు నా చేతికిచ్చి, "చెప్పమ్మా, మా కాలేజీనే ఎందుకు మొదట పెట్టావు? అందరికీ వినిపించు" అన్నాడు.

హాలంతా నన్నే చూస్తోంది. ఏం చెప్పను? బోరునీళ్ళు బాగున్నాయని చెప్పనా? అణకువ చూసి సార్లు పైకి పిలుస్తారనుకున్నామని చెప్పనా? మాకు తెలివి లేదు సార్ అని ఒక్క ముక్కలో తేల్చేయనా? నోరు తెరిచి, అమ్మ కోసం వెతికినాను. ఆఖరి వరసలో గోడ పక్కన కూర్చొని, తల పూర్తిగా దించేసి, కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది. నేనేం చెబుతానోనని భయపడుతోందని అంత దూరం నుంచీ తెలుస్తోంది.

"మా అమ్మ చెప్పింది సార్" అన్నాను. "ఇదే మొదట పెట్టమని మా అమ్మే చెప్పింది."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. చప్పట్లు మొదలైనాయి. "ఆ తల్లి ఎక్కడున్నారమ్మా? లేవండి, ముందుకు రండి!" అన్నాడు ప్రిన్సిపాల్ సారు. అమ్మ కదల్లేదు. మా నాయన ఆమె మోచెయ్యి పట్టుకొని లేపి, "పో, పో" అని ముందుకు తోసినాడు. వరసల మధ్య నుంచి చెప్పులు చప్పుడు కాకుండా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. రాని ప్రజాప్రతినిధి కోసం తెప్పించిన శాలువా బల్ల మీద వృథాగా పడి ఉందిగా, దాన్ని తీసి అమ్మకి కప్పినారు. "ఇట్లాంటి తల్లులుంటే మా కాలేజీ ఎందుకు బాగుపడదు" అన్నాడాయన. అమ్మ రెండు చేతులూ జోడించి, "వందనాలయ్యా" అంది. మైకు దగ్గరగా ఉండడం వల్ల ఆ మాట హాలంతా మోగింది. తన గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు, ఉలిక్కిపడి నవ్వింది. ఆ సోమవారం తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

ఇప్పుడు నేను డాక్టర్నే. పచ్చిగోడలు ఎప్పుడో ఆరినాయి, రోగులూ వచ్చినారు, వంటాయనా వచ్చినాడు. అమ్మ ఎవరడిగినా, "కోరుకొని పెట్టినాం ఆ కాలేజీని" అంటుంది. ఇన్నేళ్ళకి ఆమె దాన్ని పూర్తిగా నమ్మేసింది. పక్కనే కటాఫ్ మామ ఉంటే, "నేనే కదా చెప్పింది" అని అందుకుంటాడు, నేను టీ ఇస్తాను. నిజం చెప్పాలంటే ఆ రోజు స్టేజీ మీద చప్పట్లు కొడుతున్నప్పుడు కూడా నూరేళ్ళ కాలేజీ కోసం నాకు ఏడుపు వస్తూనే ఉంది, బతుకంతా అక్కడే ఆగిపోయిందని అనుకున్నాను. ఇప్పుడు ఆ స్టేజీ మీది పిల్ల నాకు ఎదురైతే తల నిమిరి ఒకటే చెబుతాను. ముందు మీ అమ్మ భుజం మీంచి జారిపోతున్న ఆ శాలువా సర్దవే తల్లీ, ఏడుపు తర్వాత ఏడ్చుకుందువులే.